పాత సామానుతో హాలు సర్దడం: బజారు నుంచి గోడ దాకా

అమ్మమ్మగారింటి భోషాణం, సంతలో బేరమాడి తెచ్చిన పేము కుర్చీలు, షోరూములో కొన్న కొత్త సోఫా, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేసిన గాజు తలుపుల అలమర. ఇవన్నీ ఒకే హాల్లో ఇమడాలంటే రెండు సంగతులు కుదరాలి. ఒకటి, ప్రతి వస్తువూ దాని కాళ్ళ మీద అది గట్టిగా నిలబడాలి. రెండు, వాటి మధ్య ఎత్తుల్లోనూ మెరుపులోనూ పొంతన ఉండాలి. రంగులు, కాలాలు, తయారీ ఎన్ని రకాలైనా పర్వాలేదు. ఈ రెండూ కుదరకపోతే మాత్రం ఎంత మంచి టేకు తెచ్చినా హాలు కలగూరగంపే.

ముందు టేపు, తర్వాత బజారు

బజారుకు వెళ్ళేముందు హాలు కొలవండి. గోడల పొడవు, కిటికీ కింద ఎంత ఎత్తు గోడ ఉంది, స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయి, బాల్కనీ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ ఫోన్లో రాసుకోండి. అపార్టుమెంటులో ఉంటే లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి ఎత్తు, మెట్లు మలుపు తిరిగే చోట జాగా కూడా కొలవాలి. ఇప్పటి సామాను విడి భాగాలుగా వచ్చి ఇంట్లో బిగుస్తుంది. పాత అలమరలు, బీరువాలు అలా కాదు, చాలావరకు ఒకే ముక్క. కింద వాచ్‌మన్ గది దగ్గర ఆగిపోయిన బీరువాను పైకి చేర్చడానికి అయ్యే కూలి ఒక్కోసారి దాని ధరను దాటిపోతుంది.

ఇప్పుడున్న సోఫా సీటు నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కూడా రాసుకోండి. మామూలుగా 16 నుంచి 18 మధ్య ఉంటుంది. పక్కన వేయబోయే పాత కుర్చీ సీటు దీనికి ఒకటి రెండు అంగుళాల తేడాలోనే ఉండాలి. లేకపోతే ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళలో ఒకరు గద్దె మీదా, ఇంకొకరు పీట మీదా కూర్చున్నట్టుంటుంది. వాలు కుర్చీ సంగతి వేరు. అది పక్కకు, కిటికీ దగ్గరకు వెళ్ళే వస్తువు, దాన్ని ఈ లెక్కలోకి తేవద్దు.

కొనాలనుకున్న వస్తువు కొలతకు సరిపడా పాత న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి, ఒకటి రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడండి. మనుషులు నడిచే దారికి కనీసం 30 అంగుళాలు, సోఫాకీ టీపాయికీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు మిగలాలి. మిగలకపోతే ఆ వస్తువు మీది కాదు.

ఎక్కడ వెతకాలి

ముందు సొంతవాళ్ళ అటకలు చూడండి. పెద్దమ్మనో మేనత్తనో అడిగితే, "ఆ పాత చెక్కలతో ఏం చేసుకుంటావే" అంటూనే తీసిస్తారు. ఒక్క జాగ్రత్త: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరి చెవినా వేసి మరీ తెచ్చుకోండి. అటక మీద ఉన్నన్నాళ్ళు ఎవరికీ పట్టని కుర్చీకి పాలిష్ పెట్టిన మర్నాడు వారసులు పుట్టుకొస్తారు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకు గురువారం పాతబస్తీ వైపు జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఎలాగూ ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళాలి, మంచివి ముందే వెళ్ళిపోతాయి. ఇత్తడి, దీపాలు, గడియారాలు, చిన్న బల్లల వంటివాటికి ఇవి బాగుంటాయి. తలుపులు, కమ్మీల కిటికీలు, చెక్కిన స్తంభాలు కావాలంటే పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చిన కలప అమ్మే అడితుల్లో వెతకాలి. మన జిల్లా కేంద్రాలన్నిటిలోనూ ఇలాంటివి ఒకటి రెండైనా ఉంటాయి. తమిళనాడు వెళ్ళే పని పడితే కారైకుడి మునీశ్వరన్ కోవిల వీధి చూసి రండి. చెట్టినాడు ఇళ్ళ సామాను అక్కడ వరుస దుకాణాల్లో అమ్ముతారు. అయితే బాగా పేరుపడ్డ చోటు కదా, ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి.

విదేశాల్లో ఉండి తాతగారి పెట్టెను ఓడలో తెప్పించుకోవాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, హస్తకళా వస్తువులు దేశం దాటకూడదు. వస్తువు చూడటానికి అంత పాతదిగా ఉంటే, అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి పత్రం తీసుకోవాలి. రోజ్‌వుడ్ అయితే కలప ఎగుమతి నిబంధనలు అదనం. దుప్పి కొమ్ములు, పులి చర్మం, దంతం పొదిగిన పెట్టె వంటివి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా దండం పెట్టి వచ్చేయండి. వన్యప్రాణి చట్టంతో చెలగాటం వద్దు.

కొనేముందు తిరగేసి చూడండి

పైన పాలిష్ ఎలా ఉందో అసలు పట్టించుకోకండి, దాన్ని మార్చవచ్చు. కుర్చీని తలకిందులుగా పెట్టి అడుగు చూడండి. చెక్క అసలు రంగు అక్కడే తెలుస్తుంది. టేకు బంగారు గోధుమ రంగులో ఉంటుంది, గీరితే కాస్త నూనె పట్టినట్టు అనిపించి తోలు వాసనలాంటిది వస్తుంది. రోజ్‌వుడ్, అంటే జిట్టేగి, ముదురు ఊదా గోధుమ రంగులో టేకు కంటే బరువుగా ఉంటుంది. మద్ది, వేగిస కూడా గట్టి కలపలే. పేరు తెలియకపోయినా బరువుగా, బిగువుగా, పగుళ్ళు లేకుండా ఉంటే తీసుకోవచ్చు.

తర్వాత కుర్చీని నేల మీద పెట్టి రెండు మూలలు పట్టుకుని ఊపండి. కాస్త కదిలితే భయం లేదు. జిగురు వదిలిందంతే. కానీ కుసి (జాయింటు రంధ్రంలో దిగే చెక్క కొస) విరిగి ఉంటే, కాలు మధ్యలో పగిలి ఉంటే, ఎవరో మేకుల మీద మేకులు కొట్టి ఉంటే మరమ్మతు పెద్దపని.

మట్టి గీతలు కనిపిస్తే చెదలు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి, దిగబడితే వదిలేయండి. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద మెత్తటి పొడి ఉంటే పుచ్చు పురుగు. రంధ్రాలు నల్లబడి పొడి రాలకపోతే అది ఎప్పటిదో పాత కథ, కొనవచ్చు. తడికి ఉబ్బిన పార్టికల్ బోర్డును (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకను) మాత్రం ఉచితంగా ఇచ్చినా తేవద్దు. దానికి ఏ మరమ్మతూ నిలవదు.

గుడ్డ కుట్టిన సోఫా కొంటే, దాన్ని హాల్లోకి తేకముందే మేడ మీదో వరండాలోనో పాత గుడ్డ, దూది, స్పాంజి మొత్తం ఊడదీసి కవర్లలో కట్టి పారేయండి. నల్లులు ఒకసారి ఇంట్లో చేరితే వదిలించడం మహా కష్టం. నులక మంచానికి కూడా ఇదే సూత్రం: కోళ్ళు, పట్టెలు ఉంచుకుని పాత నులక తీసేయండి.

పురుగు సంగతి తేల్చాకే లోపలికి

మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. మే ఎండలో పెడితే పాత చెక్క పగులుతుంది. పుచ్చు ఉందన్న అనుమానం ఉంటే హార్డ్‌వేరు దుకాణంలో దొరికే పుచ్చు మందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించండి. చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు ఉండాలి. ఆ వస్తువును పెద్ద ప్లాస్టిక్ పట్టాలో చుట్టి వారం పది రోజులు బయటే ఉంచండి. తర్వాత దాని కింద నల్ల కాగితం పరిచి నెల రోజులు చూడండి. కొత్త పొడి రాలిందా, మళ్ళీ మందు. రాలకపోతే రంధ్రాలను మైనంతోనో వుడ్ ఫిల్లర్‌తోనో పూడ్చండి. ఈ నెల ఆగడానికి ఎవరికీ ఓపిక ఉండదు. కానీ పుచ్చు ఒక కుర్చీతో ఆగదు, పక్కనున్న అలమరకూ ఎక్కుతుంది.

గోకాలా, వద్దా

అసలు తెలివంతా ఇక్కడ చూపించాలి. పాతది కనిపించగానే మిషను పెట్టి తెల్లగా చెక్కేయడం మన పాలిష్ పనివాళ్ళకు అలవాటు. అలా చేస్తే చేతులు ఆనిన చోట పడ్డ నునుపు, ఏళ్ళ తరబడి ముదిరిన రంగు అన్నీ పొట్టుగా రాలిపోతాయి, కుర్చీ నిన్న చేసినట్టు తేలుతుంది. పాత పొర బాగుంటే తుడిచి మైనం రాస్తే చాలు.

పాత పొర ఏమిటో ముందు కనుక్కోండి. కనిపించని చోట ఒక చుక్క పాలిష్ స్పిరిట్ వేయండి. కాసేపటికి జిగటగా కరిగితే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్. మీ అదృష్టం, ఎందుకంటే లక్క మీద కొత్త లక్క కరిగి కలిసిపోతుంది. గీకాల్సిన పనే లేదు. స్పిరిట్‌కి కరగక థిన్నర్‌కి మెత్తబడితే అది లాకర్ (lacquer) అనే పూత. రెండింటికీ లొంగకపోతే మెలమైనో పీయూనో (పాలియురెథేన్) అయి ఉంటుంది, రెండూ గట్టి పూతలే, దాన్ని గీకక తప్పదు.

రంగు వేసిన పాత తలుపుల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఇళ్ళల్లో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన పొరల్లో ఎంతైనా ఉండవచ్చు. అందుకని పాత రంగును పొడిగా రుద్దకండి, మంటతో కాల్చకండి. నీళ్ళు చల్లుతూ వాటర్ పేపరుతో (తడిపి వాడే సాండ్‌పేపరుతో) రుద్దండి. మంచి మాస్కు పెట్టుకోండి, పిల్లలనూ గర్భిణులనూ ఆ దరిదాపులకు రానివ్వకండి. రాలినదాన్ని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి కవరులో కట్టేయండి.

గీకాల్సివస్తే 120 నంబరు సాండ్‌పేపరుతో మొదలుపెట్టి 180, ఆ తర్వాత 220 వాడండి. ఎప్పుడూ చెక్క చారల వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాకే బయటపడతాయి. పైన వెనీర్, అంటే పల్చటి మంచి చెక్క పొర, అతికించిన బల్లల మీద మిషను అసలు పెట్టకండి.

కదిలే కాళ్ళు

వదులైన జాయింటులో కొత్త జిగురు కుక్కితే అతుక్కోదు. పాత జిగురు పొర ఉండగా కొత్తది చెక్కను పట్టుకోలేదు. జాయింటును విడదీయాలి. పాత కుర్చీలకు వాడినది జంతు జిగురు కాబట్టి వేడినీళ్ళలో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే మెత్తబడుతుంది. విప్పి, కుసిని గీకి, ఆరాక ఫెవికాల్ రాసి మళ్ళీ దిగ్గొట్టండి. క్లాంపులు లేకపోతే నాలుగు కాళ్ళ చుట్టూ తాడు రెండు వరసలు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పి బిగించండి. ఒక రోజంతా కదపవద్దు. బిగించిన వెంటనే చదునైన నేల మీద నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి, ఆరిపోయాక చూసి లాభం లేదు.

పాలిష్

హాలు కుర్చీలకు, అలమరకు నేను లక్క పాలిష్‌నే ఇష్టపడతాను. లీటరు స్పిరిట్‌లో సుమారు 150 గ్రాముల లక్క పెచ్చులు వేసి రాత్రంతా నాననిచ్చి, ఉదయం పల్చటి గుడ్డలో వడకట్టండి. పాత బనియన్ గుడ్డలో దూది పెట్టి మూట కట్టి, దానితో పల్చగా, ఆగకుండా రాయాలి. ఒక పొర ఆరాక ఇంకొకటి, అలా ఐదారు పొరలు. వానాకాలంలో చేస్తే గాలిలోని తేమకు పాలిష్ తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. పొడి వాతావరణం చూసుకోండి. స్పిరిట్ అంటుకుంటుంది కనుక కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా పని చేయండి. కలిపిన లక్కను ఆరు నెలలు దాటి వాడకండి, పాతబడితే సరిగ్గా ఆరదు.

లక్కకు వేడి గ్లాసులు పడవు, తెల్లటి మచ్చలు పడతాయి. అందుకే టీపాయికి మాత్రం పీయూ మ్యాట్ వేయించండి. అవిసె నూనె రాసే పద్ధతి కూడా బాగుంటుంది. కానీ ఆ నూనె గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి పరిచి ఆరబెట్టి పారేయాలి.

ఏది వాడినా మెరుపు మాత్రం గదంతా ఒకే తీరులో ఉండనివ్వండి. ముదురు టేకు, లేత పేము, నల్లటి జిట్టేగి పక్కపక్కనే ఉన్నా అన్నీ మ్యాట్‌లో ఉంటే కన్ను తడబడదు. ఒకటి అద్దంలా మెరుస్తూ ఇంకొకటి మసకగా ఉంటేనే అతుకులబొంతలా కనిపిస్తుంది.

అల్లిక, గుడ్డ

పేము అల్లిక తెగకుండా కేవలం కిందికి జారి ఉంటే కొత్తది వేయించవద్దు. కుర్చీ తిరగేసి అల్లిక అడుగువైపు వేడినీటి గుడ్డతో బాగా తడిపి, గాలికి ఆరనివ్వండి. పేము ఆరుతూ బిగుస్తుంది. తెగిపోతే చేత్తో అల్లేవాళ్ళను వెతకండి. దొరక్కపోతే రెడీమేడ్ కేన్ షీటు నానబెట్టి, చుట్టూ ఉన్న గాడిలో బిగిస్తారు. అదీ బాగానే ఉంటుంది.

సీటుకు 40 డెన్సిటీ ఫోమ్, వీపుకు 28 నుంచి 32 చాలు. గుడ్డ విషయంలో ఒక మాట. పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి నూలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ చీర మందం గుడ్డను నేరుగా సీటు మీద కుట్టిస్తే కొద్ది నెలల్లోనే పిగులుతుంది. వెనక గట్టి కాన్వాసు లైనింగు వేయించండి, లేదా వాటిని దిండ్లకే ఉంచి సీటుకు మందపాటి సాదా గుడ్డ వాడండి. కలంకారీని పడమటి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి, వెలిసిపోతుంది. నేల మీదకు వరంగల్ దరీ ఒకటి చాలు.

ఇనుము, ఇత్తడి

పాత ఇనుప బీరువాను హాల్లో పెట్టడానికి చాలామంది మొహమాటపడతారు. తలుపులు తీసేసి అరలు పుస్తకాలకు వదిలి, ముదురు ఆకుపచ్చ రంగు వేయిస్తే హాలుకే అందం అదే అవుతుంది. తుప్పును వైర్ బ్రష్షుతో గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ ఒక పొర, ఎనామిల్ రెండు పొరలు. ఇంకా నున్నగా కావాలంటే కార్లకు రంగు వేసే షెడ్డులో డ్యూకో (స్ప్రే రంగు) చేయించండి.

ఇత్తడి, రాగి వస్తువులకు చింతపండు, ఉప్పు తెలిసిందే. రుద్దాక పులుపు మిగలకుండా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. మొత్తం తళతళలాడించనక్కర్లేదు, నగిషీ పల్లాల్లో నలుపు ఉంటేనే పనితనం కనిపిస్తుంది. బిద్రీ వస్తువు (నల్లటి లోహం మీద వెండి పొదిగినది) దొరికితే మాత్రం చింతపండు ముట్టించకండి. దాని నలుపు మురికి కాదు, బీదరు పనివాళ్ళు మట్టీ నవాసాగరం కలిపి తెప్పించినది. పులుపు తగిలితే అది పోతుంది. కొబ్బరినూనె చుక్కతో తుడిస్తే చాలు. గంగాళంలో మొక్క పెట్టాలనుకుంటే మట్టి నేరుగా పోయకుండా లోపల ప్లాస్టిక్ కుండీ దించండి.

దీపాలు, ఉయ్యాల

పాత దీపాలకు వైరు మొత్తం మార్చండి, పైకి బాగానే కనిపించినా సరే. ఇత్తడి, ఇనుప స్తంభాల దీపాలకు మూడు తీగల వైరు వేసి ఎర్త్‌ను లోహానికి కలపాలి. బల్బు 3000 కెల్విన్ దగ్గర, అంటే పసుపు ఛాయ వెలుగుది, తీసుకోండి. 6500 కెల్విన్ తెల్లటి ట్యూబులైటు కింద ఎంత మంచి టేకైనా బూడిద రాసినట్టుంటుంది. ఇంత కష్టపడి పాలిష్ పెట్టించి ఆ వెలుగులో చూడటం దండగ.

ఉయ్యాలబల్లను ఫ్యాను కొక్కేనికి వేలాడదీయవద్దు. అది ఫ్యాను బరువుకే. శ్లాబుకు సరైన యాంకర్లు ఇంజనీరును అడిగి వేయించండి, లేదా స్టాండు వాడండి.

ఇక సర్దుదాం

ముందు హాలు మొత్తం ఖాళీ చేయండి. అన్నిటికంటే పెద్దదాన్ని, అలమరనో బీరువానో, గుమ్మంలోంచి రాగానే కనిపించే గోడకు పెట్టండి. ఒక గోడకు ఒకే పెద్ద వస్తువు. సోఫా దాని ఎదురుగా. కుర్చీలు పక్కన, కాస్త ఏటవాలుగా. భోషాణం టీపాయి స్థానంలోకి బాగా పోతుంది, దుప్పట్లన్నీ లోపలే పడతాయి. దాని ఎత్తు సోఫా సీటు కంటే ఎక్కువైతే మాత్రం టీపాయిగా పనికిరాదు, గోడపక్కన పెట్టండి. చెక్కిన తలుపును బల్లగా చేసుకునేవాళ్ళు పైన 8 లేదా 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు వేయించండి, లేకపోతే ఆ నగిషీలో మిక్చరు పలుకులు ఏరుకోవాల్సిందే.

తర్వాత ఒక రంగును ఎంచుకుని మూడు చోట్ల కనిపించేలా చేయండి. బీరువా ఆకుపచ్చ అనుకుంటే ఒక దిండులో, దరీ అంచులో అదే పచ్చ. వేర్వేరు కాలాల సామానును కలిపేది ఈ చిన్న పనే. తాతముత్తాతల ఫొటోలు తగిలిస్తే, గుంపు మధ్య భాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. మనవాళ్ళు ద్వారబంధం పైన, తల ఎత్తి చూడాల్సిన చోట కొడతారు. వాళ్ళ ముఖాలు కనిపించడానికే కదా పెట్టేది! ఫ్రేములు ఎన్ని రకాలైనా ఉండవచ్చు, వాటి మధ్య ఎడం మాత్రం రెండు అంగుళాలు, అంతటా ఒకేలా ఉండాలి. ఒక గోడను పూర్తిగా వదిలేయండి. రోలు, రేడియో, గడియారం, లాంతరు, కొండపల్లి బొమ్మలు అన్నీ ఉన్నాయని అన్నీ బయట పెట్టనక్కర్లేదు. సగం లోపల దాచి పండగకో వేసవికో మార్చుతూ ఉండండి.

చివరిగా, చెక్క కాళ్ళన్నిటికీ అడుగున రబ్బరు బొట్లు అంటించండి. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే ఇళ్ళల్లో పాత సామాను ముందు చెడేది అక్కడే. వానలు వెలిశాక ఏడాదికోసారి మైనం రాయండి. అలమర వెనక గోడకు రెండంగుళాల జాగా వదిలితే గాలాడుతుంది, చెదలు గోడ ఎక్కితే ముందే కనిపిస్తాయి.